టన్నులా, సముద్రంలో రోజులా, చేసిన పనా? నౌకాదళాన్ని దేనితో కొలవాలి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ యజమానిని "ఎన్ని బళ్లు?" అని అడిగి ఊరుకోరు. "రోడ్డు మీద ఎన్ని?" అని వెంటనే అడుగుతారు. మా నాన్నకు ఆరు లారీలుండేవి. ఇంజను దించి, చక్రాలూడదీసి షెడ్డులో జాకీల మీద నిలబెట్టిన బండికీ ఫైనాన్సు కిస్తీ కట్టాల్సిందే. కాగితం మీద ఆరు, కిరాయి తెచ్చేవి నాలుగు. ఏ దేశపు నౌకాదళం గొప్పదని మనవాళ్లు వాదించుకుంటుంటే నాకు ఆ షెడ్డే గుర్తొస్తుంది.

వాదనలో ముందుగా వచ్చేవి ఓడల సంఖ్య, టన్నులు, అంటే ఓడ బరువు. మన విమాన వాహక నౌక కొత్త విక్రాంత్ దాదాపు 45,000 టన్నులు, డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విశాఖపట్నం 7,400. ఈ లెక్క దండగేమీ కాదు. పెద్ద ఓడ ఎక్కువ ఇంధనం, ఎక్కువ ఆయుధాలు మోస్తుంది, దూరం పోతుంది. కానీ 1971 డిసెంబరు 4 రాత్రి కరాచీ దగ్గర రెండొందల పైచిలుకు టన్నుల మన మిస్సైల్ బోటు నిర్ఘాత్, రెండు వేల టన్నులు దాటిన పాకిస్థాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ను ముంచేసింది.

రెండో కొలత, ఏ రోజు ఎన్ని ఓడలు బయల్దేరగలవు, ఎన్నాళ్లు సముద్రంలో ఉండగలవు అన్నది. ఒక ఓడ ఎప్పుడూ కాపలాలో ఉండాలంటే సుమారుగా మూడు కావాలంటారు: ఒకటి అక్కడ, ఒకటి మరమ్మతులో, ఒకటి శిక్షణలో. టన్నుల కంటే ఇది చాలా నిజాయితీ గల లెక్క. అయితే ఖాళీగా తిరిగిన లారీకీ కిలోమీటర్లు పెరుగుతాయి.

మూడోది, చేసిన పని. పొరపాటు పడేది కూడా ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా సముద్రంలో తిరిగే బ్రిటిష్ సరుకు ఓడలకు విమాన విధ్వంసక తుపాకులు బిగించారు. తుపాకులకు, వాటిని పేల్చే మనుషులకు బోలెడు ఖర్చు. తీరా చూస్తే దాడికొచ్చిన విమానాల్లో కూలినవి నూటికి 4. దండగ, పీకేద్దామన్న మాట వచ్చింది. లెక్కలు చూసేవాళ్లు ప్రశ్ననే మార్చారు: తుపాకీ పెట్టింది విమానం కూలడానికా, సరుకు రేవు చేరడానికా? దాడికి గురైన ఓడల్లో తుపాకులు పేల్చినవి నూటికి 10 మునిగితే, లేనివి 25 మునిగాయి. కింద నుంచి గుళ్లు వస్తుంటే పైలట్‌కు గురి కుదరలేదు. తుపాకులు ఉండిపోయాయి.

అందుకే నా ఓటు మూడోదానికి, అదీ పని ఏమిటో ముందే తేల్చుకున్నాక. యుద్ధం లేని రోజుల్లో ఫలితం కంటికి కనపడదు కాబట్టి రెండోదాన్ని నమ్ముతాను. టన్నులది చివరి స్థానమే.

1971లో పాత విక్రాంత్ (అదీ విమాన వాహక నౌకే) బాయిలర్ ఒకటి పగుళ్లిచ్చి, వేగం తగ్గి ఉంది. వేగానికి మార్కులు వేసి ఉంటే ఫెయిలయ్యేది. అయినా దాన్ని బంగాళాఖాతంలోకి పంపారు. దాని మీంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద బాంబులు వేశాయి, తూర్పు పాకిస్థాన్‌కు సముద్రం దారి మూసుకుపోయింది.