గేస్ సూది అడిగితే ఏది మేలు? జెల్లా, రాన్‌టాకా, పాన్ 40యా

మా శ్రీకాకుళం జిల్లాలో ఏ క్యాజువాలిటీలో డ్యూటీ పడినా ఎక్కువగా వినబడే మాట "సిస్టరమ్మా, గేస్ పట్టేసింది, ఓ సూదేసీమ్మా" అనే. గుండెల్లో మంటైనా పుల్ల తేన్పులైనా కడుపుబ్బరమైనా అన్నిటికీ పేరు గేసే. రాసేది డాక్టర్ గారే, కానీ ఇచ్చేది నర్సులం మనం కాబట్టి ఏ మందు ఎవరికి పడుతుందో మనకీ తెలిసుండాలి. అందులోనూ కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు అంటూ కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ఊళ్ళ పేర్లు చెప్పారంటే నేను ముందు అడిగేది క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పని చేస్తుందో చెప్పే రక్త పరీక్ష) ఎంతుంది, ఎప్పుడు చేయించారు అనే.

అంతకంటే ముందు ఇంకోటి. షుగరున్నవాళ్ళు, నలభై దాటినవాళ్ళు చెమటలు పోసి, ఆయాసపడుతూ, దవడకో చేతికో లాగుతుందంటూ "గేసే" అని వస్తే ఏ సూదీ వద్దు, ముందు ఈసీజీ తియ్యాలి, డాక్టర్ గారికి చూపించాలి. పాన్ ఇచ్చి అరగంట చూద్దాం అనుకుంటే ఆ అరగంటలో గుండె కండరం పోతుంది.

సరే, ఇది నిజంగా ఎసిడిటీనే అనుకుందాం.

జెల్లు, అంటే డైజీన్, జెలుసిల్ లాంటివి, నిమిషాల్లో మంట తగ్గిస్తాయి, ఎప్పుడో పెళ్ళి భోజనం చేసి ఇబ్బంది పడే ఆరోగ్యవంతుడికి ఇంతకంటే పెద్ద మందు అక్కర్లేదు. కానీ పని చేసేది కాసేపే. వీటిలో ఉండేది అల్యూమినియం, మెగ్నీషియం. అల్యూమినియం మలబద్ధకం తెస్తే మెగ్నీషియం విరేచనాలు చేయిస్తుంది, అందుకే రెండూ కలిపి చేస్తారు. కిడ్నీ బాగుంటే ఒంట్లోకి వెళ్ళిన కాస్తా మూత్రంలో పోతుంది, పాడైతే పేరుకుపోతుంది. మెగ్నీషియం ఎక్కువైతే మగత, బీపీ పడిపోవడం, అల్యూమినియం ఏళ్ళ తరబడి చేరితే ఎముకలకీ మెదడుకీ దెబ్బ. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి మొదలయ్యాక వైద్యం దగ్గరికొచ్చింది గానీ గేస్‌కి మాత్రం జనం ఇంకా ఊళ్ళో షాపుకే వెళ్తారు, "అది మందేటమ్మా, పాలలాగుంటాది" అని సీసా ఎత్తి తాగేస్తారు. డయాలసిస్ వాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలి, డాక్టర్ చెప్పకుండా జెల్లు ముట్టుకోవద్దని. ఈనో కూడా అంతే, దాన్లో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళకీ కాళ్ళు వాచినవాళ్ళకీ పనికిరాదు. ఐరన్, థైరాయిడ్ బిళ్ళ, సిప్రో, డాక్సీ లాంటి యాంటీబయాటిక్‌లు ఇవి వాడేవాళ్ళకైతే జెల్‌కీ వీటికీ గంటల తేడా ఉండాలి, కనీసం 2, థైరాయిడ్ బిళ్ళకైతే 4, లేదంటే ఆ బిళ్ళ ఒంటికి సరిగ్గా పట్టదు.

రాన్‌టాక్, అంటే రానిటిడిన్, మనందరికీ అలవాటైన మందు, చవక. ఎన్‌డీఎంఏ అనే కేన్సర్ కారకం కొన్ని బ్యాచుల్లో బయటపడి, నిల్వ ఉంటే ఇంకా పెరుగుతుందని తేలాక అమెరికా 2020 ఏప్రిల్‌లో రానిటిడిన్‌ని మార్కెట్లోంచి తీసెయ్యమంది. మన దేశంలో 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితాలోంచి తీసేశారు, నిషేధించలేదు. ఇంజెక్షన్ రాస్తే 50 ఎంజీని 20 ఎంఎల్‌కి పలచన చేసి 5 నిమిషాలకి తగ్గకుండా ఇవ్వాలి, క్యూ పెద్దదుంది కదా అని ఒక్క తోపు తోసేస్తే నాడి పడిపోతుంది. కిడ్నీ పాడైనవాళ్ళకి డోసు తగ్గించాలి, తగ్గించకపోతే ముసలివాళ్ళు అయోమయంగా మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళేమో జ్వరం మాటలనుకుంటారు. అదే గుంపులో ఫామోటిడిన్‌కి ఆ ఎన్‌డీఎంఏ గొడవ లేదు, కానీ డోసు తగ్గింపు దానికీ ఉంది.

పాన్ 40, అంటే కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్, దీనికి కిడ్నీ కోసం డోసు మార్చక్కర్లేదు. కాబట్టి నాలుగు రోజుల వైద్యానికి, కడుపులో పుండుకి, రక్తపు వాంతికి నా ఓటు దీనికే. ఇంజెక్షన్ వయల్‌ని 10 ఎంఎల్ నార్మల్ సెలైన్‌తో కలిపి 2 నిమిషాలకి తగ్గకుండా ఇవ్వాలి, లేదా 100 ఎంఎల్‌లో 15 నిమిషాలు, ముందూ వెనకా లైన్ ఫ్లష్ చెయ్యాలి, ఇంకే మందుతోనూ ఒకే సిరంజిలో కలపకూడదు. బిళ్ళైతే టిఫిన్‌కి అరగంట ముందు. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఉందని నూరి పొయ్యొద్దమ్మా, పైన ఉన్న కోటింగ్ పోతే కడుపులో యాసిడ్‌కే ఆ మందు చెడిపోతుంది, వేరే రూపంలో రాయమని డాక్టర్ గారిని అడగాలి.

పాన్‌తో చిక్కంతా ఆపకపోవడంలోనే ఉంది. వారానికి రాసిన చీటీతో ఏళ్ళు మింగుతారు, దాంతో మెగ్నీషియం, బీ12 తగ్గుతాయి, అరుదుగా కిడ్నీకే వాపొస్తుంది, ఉద్దానం మనిషికి అది మామూలు విషయం కాదు కదా. పాన్ డీ అయితే మరీను, దాన్లో డోంపెరిడోన్ ఉంటుంది, గుండె లయ మీద పని చేస్తుంది, వారం దాటి అలవాటుగా వాడే మందు కాదది.

ఈ మూడింటికంటే మేలైంది ఇంకోటుంది, ఆ మంట ఎందుకొచ్చిందో అడగడం. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో రోజంతా కూర్చుని నడుములు పట్టేసినవాళ్ళూ కొబ్బరి తోటల్లో కూలికెళ్ళేవాళ్ళూ రోజూ ఓ డైక్లో నొప్పి బిళ్ళ, దాని పక్కన ఓ గేస్ బిళ్ళ వేసుకుంటున్నారు. గేస్ బిళ్ళ కడుపుని కాస్త కాపాడుతుంది, కిడ్నీని కాపాడదు. "నొప్పి బిళ్ళ ఏదైనా వాడుతున్నారా" అని విడిగా అడగండి, మందులేమైనా అంటే లేవనే అంటారు, ఎందుకంటే అది వాళ్ళ లెక్కలో మందు కాదు. మలం నల్లగా తారులా పోతుందా అని కూడా అడగాలి, ఐరన్ బిళ్ళతోనూ నల్లగా వస్తుంది గానీ తారులా జిగటగా, చెడు వాసనతో ఉండదు.

వాంతుల సూదికీ ఇదే పోటీ, ఎమ్‌సెట్టా (ఆండాన్సెట్రాన్) పెరినార్మా (మెటోక్లోప్రమైడ్). కిడ్నీ వాళ్ళకి, పిల్లలకి, పడుచువాళ్ళకి నేను ఎమ్‌సెట్ వైపే. పెరినార్మ్ కిడ్నీ పాడైనవాళ్ళలో నిలిచిపోతుంది, డోసు సగానికో ఇంకా తక్కువకో తగ్గాలి, గబుక్కున తోస్తే మనిషి కంగారుపడిపోయి మంచం మీద నిలవలేడు. కొందరికి మెడ ఓ పక్కకి తిరిగిపోతుంది, కళ్ళు పైకి వెళ్ళిపోతాయి, ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు, అది మందు రియాక్షన్, వెంటనే డాక్టర్ని పిలిచి ఫెనర్గాన్ రాయించుకుంటే తగ్గుతుంది. కడుపు రాయిలా ఉబ్బి, గేస్ కిందకి పోక, పేగు మూసుకుందని అనుమానం ఉంటే పెరినార్మ్ ఊసే వద్దు. ఎమ్‌సెట్ కూడా నెమ్మదిగానే ఇవ్వాలి, 2 నుంచి 5 నిమిషాలు, తలనొప్పి, మలబద్ధకం వస్తాయి. వాంతులూ విరేచనాలతో పొటాషియం పడిపోయినవాళ్ళకి, గుండె జబ్బున్నవాళ్ళకి ఈసీజీ చూసుకున్నాకే.