కుదించినా చేతికి అందే ఆర్కైవులు: ఏడేళ్ళ వాడకం తర్వాత

ఏడేళ్ళుగా నా సర్వర్ల పనితీరు లెక్కలన్నీ పర్ఫార్మెన్స్ కో-పైలట్ అనే పర్యవేక్షణ సాధనాల సముదాయంలోనే దాస్తున్నాను. అందులోని పీఎంలాగర్ అనే ప్రోగ్రాం పగలూ రాత్రీ కొలతలను ఫైళ్ళలోకి రాస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి దాటిన కాసేపటికి రోజువారీ నిర్వహణ స్క్రిప్టు మొదలై, ఆ రోజు ముక్కలను ఒకే ఆర్కైవుగా, అంటే దాచిన కొలతల ఫైళ్ళ కట్టగా, కలుపుతుంది, పాతవాటిని కుదిస్తుంది, గడువు దాటినవాటిని తొలగిస్తుంది. సెట్టింగులు ముట్టుకోకపోతే ఆ గడువు 14 రోజులు. నాకు అది చాలదు. నిరుడు ఇదే సమయంలో ఈ సర్వరు ఇలాగే ఉందా అని ఎవరైనా అడిగితే గ్రాఫు తెరిచి చూపించగలగాలి. ఏడాదికి పైగా దాచాలంటే కుదింపు తప్పదు. అందుకే జీజిప్, ఎక్స్‌జెడ్, జెడ్‌స్టాండర్డ్ అనే మూడు కుదింపు ప్రోగ్రాములనూ నెలల తరబడి ఈ ఒక్క పనికే వాడి చూశాను. నా తీర్పు ముందే చెబుతాను: ఈ ఫైళ్ళకు తగినది ఎక్స్‌జెడ్. అయితే ఫైలును బ్లాకులుగా, అంటే విడివిడిగా విప్పగల ముక్కలుగా, విడగొట్టి కుదిస్తేనే.

పనితీరు ఆర్కైవులు ఎంత తగ్గుతాయో మొదటిసారి చూసినవారికి నమ్మబుద్ధి కాదు. ప్రతి నమూనాలోనూ అవే కొలతల గుర్తింపు సంఖ్యలు, అవే డిస్కుల, ప్రాసెసర్ల సంఖ్యలు అదే వరుసలో మళ్ళీ మళ్ళీ వస్తాయి. విలువల్లో కూడా చాలావరకు మెల్లగా పెరిగే కౌంటర్లే, లేదంటే గంటల తరబడి మారని సున్నాలు. ఇలాంటి పునరుక్తి ఏ కుదింపు పద్ధతికైనా పండుగే. నా ఆర్కైవులు ఎక్స్‌జెడ్‌తో పదో వంతు దరిదాపులకు దిగివస్తాయి. మిగతా రెండింటితో కొంచెం పెద్దవిగా ఉంటాయి, అంతే. డిస్కులో మిగిలే చోటు ఒక్కటే లెక్కయితే మూడింటిలో ఏది వాడినా సరిపోయేది.

మొదట్లో అత్యాశతో ఎక్స్‌జెడ్‌ను అన్నిటికన్నా గట్టిగా కుదించే 9వ స్థాయిలో నడిపాను. ఆ స్థాయిలో కుదించడానికే దాదాపు 674 మెబీబైట్ల (ఒక్కోటి పది లక్షల బైట్ల పైచిలుకు) మెమరీ కావాలి. చిన్న సర్వర్లలో దాని ఫలితం నా గ్రాఫుల్లోనే కనిపించింది: రోజూ రాత్రి ఒకే సమయానికి ఖాళీ మెమరీ గీత గోతిలోకి దిగి, కాసేపటికి పైకి లేచేది. కొన్నాళ్ళు దాన్ని ఏదో అప్లికేషన్ లోపం అనుకుని వెతికాను. తీరా చూస్తే అది నేను పెట్టిన కుదింపే. 0వ స్థాయికి 3 మెబీబైట్లు చాలు. ఈ రకం డేటాలో ఆ రెండు స్థాయిల మధ్య పరిమాణంలో తేడా నాకు ఎన్నడూ అడ్డు కాలేదు. అప్పటి నుంచి 0వ స్థాయి దాటి పోలేదు.

ఇక బ్లాకుల సంగతి. నేను ఎక్కువ కాలం తప్పు చేసింది ఇక్కడే.

ఒక ఆర్కైవు అంటే కనీసం మూడు ఫైళ్ళు. కొలతల వివరాలు ఉండేది మెటా ఫైలు. అసలు విలువలు ఉండేవి 0, 1 అని సంఖ్యలతో ముగిసే డేటా ఫైళ్ళు. మూడోది ఇండెక్స్ ఫైలు: ఫలానా సమయం నాటి నమూనా డేటా ఫైలులో ఎన్నో బైటు దగ్గర ఉందో చెప్పే చిన్న పట్టిక. అది ఎలాగూ చిన్నదే కాబట్టి స్క్రిప్టు దాన్ని కుదించకుండా వదిలేస్తుంది. తెల్లవారుజాము 3 గంటల దగ్గరి గ్రాఫు అడిగితే సాధనం ముందు ఇండెక్స్ చూసి నేరుగా ఆ చోటికి దూకుతుంది. కానీ అందులో రాసి ఉన్నది విప్పిన ఫైలులోని చోటు. డేటా ఫైలు కుదించి ఉంటే ఆ సంఖ్యతో నేరుగా పని జరగదు. జీజిప్ ఫైలయితే ఆ చోటు చేరడానికి మొదటి బైటు నుంచి విప్పుకుంటూ రావాలి. ఒకే బ్లాకుగా కుదించిన ఎక్స్‌జెడ్ ఫైలుదీ అదే గతి.

అదే 10 మెబీబైట్ల బ్లాకులుగా విడగొట్టి కుదిస్తే, ఎక్స్‌జెడ్ ప్రతి బ్లాకు ఎక్కడ మొదలవుతుందో, విప్పితే ఎంత అవుతుందో ఫైలు చివర తన సొంత పట్టికలో రాసి పెడుతుంది. రెండు పట్టికలూ చేతులు కలుపుతాయి: మొదటిది ఎన్నో బైటో చెబుతుంది, రెండోది ఆ బైటు ఏ బ్లాకులో ఉందో చెబుతుంది. ఆ ఒక్క బ్లాకును విప్పితే చాలు. మన ఫైలు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఎక్స్‌జెడ్‌కు 'లిస్ట్' ఆప్షన్ ఇస్తే బ్లాకుల సంఖ్య చూపిస్తుంది. పెద్ద ఫైలుకు అక్కడ 1 కనిపిస్తే ఆ రోజు ఆర్కైవును మళ్ళీ కుదించుకోవడం మంచిది. నా పాతవన్నీ అలా 1 చూపినవే. వాటిని వారాంతాల్లో కూర్చుని వరుసగా మార్చాను.

విప్పడంలో తగిలిన దెబ్బ ఇంకా గట్టిది. ఒక రాత్రి డేటాబేసు నెమ్మదించిందని పిలుపు వస్తే, కంగారులో మూడు వారాల ఆర్కైవులను ఉన్నచోటే విప్పడం మొదలుపెట్టాను. ఎక్స్‌జెడ్ విప్పడం పూర్తయ్యేవరకు అసలు ఫైలును తొలగించదు. మంచి పద్ధతే, కానీ అంతసేపూ రెండు ప్రతులూ డిస్కులో ఉంటాయి. డిస్కు నిండింది. సగం విప్పిన ఫైలును ఎక్స్‌జెడ్ తానే తొలగించుకుంది, నా పాత డేటా క్షేమం. పోయింది వర్తమానం: అదే డిస్కులో రాస్తున్న పీఎంలాగర్ ఆగిపోయింది. సమస్య జరుగుతున్న ఆ గంటన్నర రికార్డు ఈనాటికీ ఖాళీగానే ఉంది. తర్వాత కారణం వెతుకుతుంటే సరిగ్గా ఆ ఖాళీయే అడ్డొచ్చింది. అదే 'లిస్ట్' ఆప్షన్ విప్పితే ఎంత అవుతుందో కూడా చెబుతుంది. ముందు అది చూసి ఉంటే ఆగి ఉండేవాడిని.

రాస్తున్న ఫైలును మాత్రం ఎప్పుడూ కుదించకండి. ఎక్స్‌జెడ్ అప్పటివరకు ఉన్నదాన్ని కుదించి అసలు పేరును తీసేస్తుంది. పీఎంలాగర్ మాత్రం పేరు పోయిన ఆ ఫైలులోకే రాస్తూ ఉంటుంది, అది మూసిన క్షణాన ఆ రాతంతా మాయమవుతుంది.

జెడ్‌స్టాండర్డ్ వేగం నాకు నిజంగా ఇష్టం. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఆర్కైవును మొత్తంగా పంపేటప్పుడు ఈనాటికీ దాన్నే వాడతాను. అలవాటు పడేవరకు ఒక తేడా గుర్తుంచుకోవాలి: జీజిప్, ఎక్స్‌జెడ్ పని అయ్యాక అసలు ఫైలును తీసేస్తాయి, జెడ్‌స్టాండర్డ్ మనం ప్రత్యేకంగా చెబితే తప్ప తీయదు. చోటు మిగులుతుందని రాత్రి స్క్రిప్టులో పెడితే తెల్లారేసరికి డిస్కు ఇంకా నిండి ఉంటుంది. జీజిప్ గురించి చెప్పేది తక్కువ. ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరికైనా విప్పడం వచ్చు.

2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 కూర్పుల్లో దొంగదారి చొప్పించారని బయటపడినప్పుడు నేను కూడా వణికాను. దాని గురి రిమోట్ లాగిన్ మీద, ఆర్కైవుల మీద కాదు. అయినా ప్రతి యంత్రంలోనూ కూర్పు సంఖ్య చూసుకున్నాకే నిద్రపోయాను.

ఇప్పుడు చేత్తో విప్పే పనే దాదాపు పోయింది. ఆర్కైవు పేరును చివరి పొడిగింపులు లేకుండా ఇస్తే కో-పైలట్‌లోని చదివే సాధనాలైన పీఎండంప్‌లాగ్, పీఎంరెప్ కుదించిన ఫైళ్ళనే చదువుకుంటాయి. ఎవరికైనా డేటా పంపాలంటే పీఎంలాగ్‌ఎక్స్‌ట్రాక్ట్‌కు మొదలు, ముగింపు సమయాలు ఇచ్చి, కావలసిన రెండు గంటలనే కొత్త చిన్న ఆర్కైవుగా తీస్తాను. కుదించిన అసలుది కదలదు. తీసిన ముక్కను పీఎంలాగ్‌చెక్‌తో ఒకసారి పరీక్షించి పంపిస్తాను. పోయిన వారం పదకొండు నెలల నాటి ఒక మధ్యాహ్నాన్ని అలాగే తీసి ఇచ్చాను. అడిగినవారు ఫోను పెట్టకముందే ఫైలు వారి చేతిలో ఉంది.