799 పెట్టి తప్పుల కీ కొన్నాను, మీరు కొనకండి

డిగ్రీ స్టాట్స్ సెమిస్టర్ కోసమని ఆ పసుపు లోగో వాళ్లు జవాబుల కీతో అమ్ముతున్న 60 హైపోథిసిస్ లెక్కల (శాంపిల్ చూసి ఒక మాటను కొట్టేయొచ్చా లేదా తేల్చేవి) పీడీఎఫ్ ఉంది కదా, దాని గురించే. పేరు చెప్పక్కర్లేదు, నెల రోజులుగా ప్రతి క్లాస్ గ్రూపులోనూ వాళ్ల పోస్టరే తిరుగుతోంది. కొన్నవాళ్లు కీ నమ్మకండి. కొనబోయేవాళ్లు ఆ డబ్బుతో బిర్యానీ తినండి.

నిన్న ఇంటర్నల్ పేపర్లు ఇచ్చారు. నాకు 20కి 9. నేను రాసిన 1.96 చుట్టూ మేడమ్ ఎర్ర పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టి, పక్కన 'ఎందుకు?' అని రాశారు. ఎందుకంటే 799 కట్టాను కాబట్టి మేడమ్.

వాళ్ల 14వ లెక్క చూడండి. డెలివరీకి సగటున 50 నిమిషాలు అని కంపెనీ అంటుంది. 16 ఆర్డర్లు చూస్తే సగటు 53, శాంపిల్ స్టాండర్డ్ డీవియేషన్ 6. 5 శాతం లెవెల్‌లో టూ-టెయిల్డ్ టెస్ట్ (ఎక్కువైనా తక్కువైనా తేడా చూసేది) చేయాలి. తేడా 3ని 6/4తో (16 వర్గమూలం 4) భాగిస్తే 2 వస్తుంది, అక్కడిదాకా కరెక్టే. ఆ 2ని తీసుకెళ్లి జెడ్-టేబుల్‌లోని 1.96తో పోల్చి, హెచ్-నాట్ (కంపెనీ చెప్పిన 50 నిజమే అన్న ఊహ) రిజెక్ట్ అని బోల్డ్‌లో కొట్టారు. పాపులేషన్ సిగ్మా (మొత్తం ఆర్డర్లన్నిటి స్టాండర్డ్ డీవియేషన్) ఇవ్వలేదు, శాంపిల్ చూస్తే 16. ఇక్కడ వాడాల్సింది టీ-టేబుల్. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 15కి (16లో ఒకటి తగ్గించి) విలువ 2.131. మన 2 దాన్ని దాటలేదు, కాబట్టి రిజెక్ట్ చేయలేం. పీ-వాల్యూ (హెచ్-నాట్ నిజమైతే ఇంత తేడా, లేదా ఇంతకు మించి, వచ్చే ఛాన్స్) 0.064, అంటే 5 శాతం కంటే ఎక్కువే. చిన్న శాంపిల్‌తో వచ్చే ఈ తిప్పల కోసమే కదా గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసే గోసెట్ 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో పేపర్ రాసింది! బీరు కాచేవాళ్లకు అప్పుడే పట్టిన విషయం లెక్కలు అమ్ముకునేవాళ్లకు ఇంకా పట్టలేదు.

ఇలాంటి లెక్కే పరీక్షలో వచ్చింది. నేను కళ్లు మూసుకుని 1.96 రాసేశాను.

అసలు మండింది దీనికి కాదు. పేపర్ చూసుకున్నాక, సరే మనిషన్నాక తప్పులు చేస్తారు కదా అని వాళ్లకు మర్యాదగా మెసేజ్ పెట్టాను. "సార్, 14లో సిగ్మా ఇవ్వలేదు కదా, టీ-టెస్ట్ కాదా? ఒకసారి చూడగలరా" అని, పేజీ ఫొటోతో సహా. రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. టైపింగ్ అని వచ్చింది, ఆగిపోయింది, మళ్లీ వచ్చింది. నేను పిచ్చిదానిలా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి వచ్చిన జవాబు: "వేల మంది చేశారమ్మా, ఎవరికీ రాని డౌట్ నీకే వచ్చిందా? ముందు బేసిక్స్ చదువుకో." నేను టేబుల్ ఫొటో పెట్టేలోపే వాళ్ల గ్రూపులోంచి తీసేశారు! డబ్బు అడగనే లేదు, అయినా వెనకాలే ఇంకో మెసేజ్: "డిజిటల్ ప్రొడక్ట్, నో రీఫండ్." అంటే ఆ వాక్యం రెడీగా టైప్ చేసి పెట్టుకున్నారన్నమాట. ఎంత అనుభవమో.

రాత్రంతా కూర్చుని మిగతావి తిరగేశాను. 31వ లెక్కలో హాస్టల్ వార్డెన్ 20 శాతం మంది టిఫిన్ తినరంటాడు, 100 మందిని అడిగితే 28 మంది తినం అంటారు. ప్రపోర్షన్ టెస్టులో స్టాండర్డ్ ఎర్రర్‌కి హెచ్-నాట్‌లో ఉన్న 0.20 వేయాలి. అప్పుడు 0.04 వస్తుంది, జెడ్ 2. ఇక్కడ 1.96తోనే పోల్చాలి, 2 దాన్ని దాటింది, రిజెక్ట్. వీళ్లు శాంపిల్ 0.28 వేసి 0.0449 తెచ్చారు, జెడ్ 1.78, రిజెక్ట్ చేయలేం అన్నారు. గమనించారా, 14లో వదిలేయాల్సింది రిజెక్ట్ చేశారు, 31లో రిజెక్ట్ చేయాల్సింది వదిలేశారు. ఒక వైపే తప్పు చేసినా తిరగేసి రాసుకునేవాళ్లం. ఇంకోచోట హెచ్-నాట్‌లో మ్యూ (మనకు తెలియని అసలు సగటు) బదులు ఎక్స్-బార్ (శాంపిల్ సగటు) రాశారు. శాంపిల్ సగటు మన చేతిలోనే ఉంటే దానికి హైపోథిసిస్ ఏంటి స్వామీ? పీ-వాల్యూ 0.03 అంటే హెచ్-నాట్ నిజమయ్యే ఛాన్స్ 3 శాతం అని కూడా ఉంది. హెచ్-నాట్ నిజమనుకునే కదా పీ-వాల్యూ లెక్కేసేది! అది చూశాక నవ్వొచ్చింది.

మొత్తం 60లో 11 తప్పులు తేలాయి. పోస్టర్ మీద '98 శాతం కరెక్ట్ కీ' అని ఉంది. దాని మీదే ఒక ప్రపోర్షన్ టెస్ట్ వేద్దామనుకున్నాను. కానీ 60లో 2 శాతం అంటే 1.2, కనీసం 5 అయినా లేకుండా జెడ్ వేయకూడదు. ఈ షరతు కూడా వాళ్ల పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు, మా పాత టెక్స్ట్‌బుక్‌లో ఉంది. ఆ పుస్తకం సంవత్సరం నుంచి నా షెల్ఫ్‌లోనే ఉంది, అట్ట కూడా నలగలేదు. తప్పు వాళ్లది సగం, బద్ధకం నాది సగం.

ఇలాంటివి కొనక తప్పదనుకుంటే ముందు శాంపిల్ పేజీలు అడగండి. సిగ్మా ఇవ్వని చిన్న శాంపిల్ లెక్క ఒకటి వెతికి, 1.96 వాడారేమో చూడండి. పేజీలు ఇవ్వం అంటే వదిలేయండి.

ఆ గ్రూపులో ఇంకా ఉన్నవాళ్లు ఎవరైనా 14, 31 స్క్రీన్‌షాట్లు అక్కడ పెట్టండి. నేను పెట్టలేను కదా.