చాటడమా, ప్రకటించడమా, దండోరా వేయడమా: ఏది ఎక్కడ మేలు?

ఒక సంగతిని పదిమందికీ గట్టిగా తెలియజెప్పడానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. ప్రకటించు, చాటు, ఎలుగెత్తు, దండోరా వేయు, టాంటాం వేయు, డంకా బజాయించు. అర్థం అడిగితే అన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. రాసేటప్పుడు మాత్రం ఒకదాని చోట ఇంకొకటి పెడితే వాక్యం తేడా కొడుతుంది. ఆ గొంతు ఎవరిది, ఎవరి తరఫున లేచింది అన్నది చూసుకుంటే సగం చిక్కు వీడిపోతుంది.

రోజూ తికమక పెట్టే జోడీ ప్రకటించు, చాటు. ప్రకటించడానికి ఏదో ఒక అధికారం ఉండాలి. ఇంటర్ బోర్డు ఫలితాలు ప్రకటిస్తుంది, కలెక్టర్ బడులకు సెలవు ప్రకటిస్తారు, ఎన్నికల సంఘం తేదీలు ప్రకటిస్తుంది. ఆ మాట వెలువడగానే పరిస్థితి మారిపోతుంది. బడికి తాళం పడుతుంది, ఎన్నికల కోడ్ అమల్లోకి వస్తుంది. అందుకు గొంతు పెంచాల్సిన పని కూడా లేదు, సంతకం పెట్టిన కాగితం గోడకి అంటించినా ప్రకటనే.

చాటడానికి ఆ హోదా అక్కర్లేదు. ఉన్న నిజాన్ని నలుగురి ముందు నిలబెడితే చాలు. 2016 రియో ఒలింపిక్స్‌లో పీవీ సింధు రజతం గెలిచి సత్తా చాటింది అంటాం. అక్కడ ఆమె నోరు విప్పి చెప్పిందేమీ లేదు, రాకెట్టే చెప్పింది. ‘సత్తా ప్రకటించింది’ అని రాసి చూడండి, ఆట పోయి ప్రెస్ నోట్ మిగులుతుంది. అలాగే ‘టెన్త్ ఫలితాలు చాటారు’ అని ఎవరూ అనరు. ప్రేమ, స్నేహం, మంచితనం, ఊరి పేరు, తెలుగువాడి కీర్తి లాంటివి చాటేవి. తేదీలు, ధరలు, అభ్యర్థుల జాబితాలు ప్రకటించేవి. రెండింట్లో నా ఓటు చాటుకే. రెండక్షరాల్లో ఇంత ఒప్పే మాట దొరకడం కష్టం, పేపర్లు దాన్ని ఆటల పేజీకే వదిలేయడం బాధగా ఉంటుంది.

చాటుతో ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ‘చెట్టు చాటున’, ‘చాటుమాటుగా’ అన్నప్పుడు అదే మాట మరుగు అవుతుంది. ‘చాటుగా చెప్పాడు’ అంటే ఎవరికీ వినపడకుండా చెప్పాడని, ‘చాటి చెప్పాడు’ అంటే అందరికీ వినపడేలా చెప్పాడని. తెలుగు కొత్తగా నేర్చుకునే పిల్లలకు, ముఖ్యంగా విదేశాల్లో పెరిగేవాళ్లకు, ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చెబితే ఇక మర్చిపోరు.

ఎలుగెత్తడం వేరే సంగతి. ఎలుగు అంటే గొంతు. ఎలుగెత్తి పిలుస్తారు, ఎలుగెత్తి ఏడుస్తారు. అందులో ఆర్తి ఉంది. పంట మునిగిన రైతు కలెక్టరేట్ గేటు ముందు ఎలుగెత్తుతాడు. ఏసీ గదిలో మైకు ముందు కూర్చున్న నాయకుడు ‘ఎలుగెత్తి చాటారు’ అని రాయడం ఆ మాటను అరగదీయడమే. అక్కడ ‘అన్నారు’ చాలు, మరీ కావాలంటే ‘నొక్కి చెప్పారు’. ఘోషించు కూడా ఇంచుమించు ఇంతే. హిందీలో ఘోషణ అంటే ప్రకటన, మనకు మాత్రం ఘోష అనగానే వేదమో, సముద్రమో, జనం గోడో గుర్తొస్తుంది. ‘సెలవు ఘోషించారు’ తెలుగు కాదు.

ఇక చప్పుడుతో వచ్చే మాటలు. తెలంగాణ పల్లెల్లో సాటింపు, కోస్తాలో పాతతరం నోట టముకు, అన్ని చోట్లా దండోరా. డప్పు అంటే చెక్క చట్రానికి బిగించిన తోలు. వాయించేముందు గడ్డి మంట మీద కాస్త కాచి బిగుతు తెస్తారు. ఒక చేతిలో సన్నటి చిటికెన పుల్ల, మరో చేతిలో లావుపాటి సిర్ర. నాలుగు దెబ్బలు పడ్డాక వీధి మొగలో నిలబడి ‘ఇందుమూలముగా యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా’ అని ఎత్తుకుంటారు. మాట పైవాళ్లది, గొంతు ఆ మనిషిది. దండోరాకీ ప్రకటనకీ ఉన్న తేడా ఇదే. చదువు రాని ఇంటికి కూడా కబురు చేరేది కాబట్టి చట్టమూ దాన్ని వదల్లేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డర్, 54వ రూల్ ప్రకారం స్థిరాస్తిని జప్తు చేస్తే ఆ ఉత్తర్వును ఆస్తి దగ్గర డప్పు కొట్టించి గానీ, వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గానీ చాటించాలి.

ఒకరి కబురు మోయడానికే వాడిన ఆ డప్పును, దాన్ని వాయించిన మాదిగలు సొంత గొంతుగా మార్చుకున్న చరిత్ర కూడా మనదే. ఎస్సీ రిజర్వేషన్లను కులాలవారీగా వర్గీకరించాలని 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం మాదిగ దండోరా అన్న పేరుతోనే ఊరూరికీ వెళ్లింది. ఎస్సీల్లో ఉపవర్గీకరణకు వీలుందని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఆగస్టు 1న. అందుకే ఈరోజు దండోరా అన్నమాటలో కబురు ఒక్కటే లేదు, హక్కు అడిగే పట్టు కూడా ఉంది. ఏదో సేల్ గురించి ‘ఆఫర్ల దండోరా’ అని రాసేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

టాంటాం మాత్రం ఎప్పుడూ ఫిర్యాదే. ‘నీకొక్కదానికే చెప్పానే, ఊరంతా టాంటాం వేశావు’ అన్నప్పుడు దాని చోట ఇంకే మాటా కుదరదు. గుట్టు రట్టయిందని చెప్పడానికి అదే మేలు. ఎవరు బయటపెట్టారో తెలియకపోతే ‘లోకం కోడై కూస్తోంది’ ఉంది. నగారా ఎన్నికలకు, శంఖారావం పార్టీ సభలకు స్థిరపడిపోయాయి. ‘డంకా బజాయించి చెబుతున్నా’ ఎదురు సవాలుకు బాగుంటుంది, రాతలో కంటే నోట.

నాకు గట్టి అభ్యంతరం ఉన్నది ఒక్క వాడుక మీదే. భజన చేసేవాళ్లను ‘డప్పు కొడుతున్నారు’ అని ఎగతాళి చేయడం పేపర్లలో, టీవీ చర్చల్లో మామూలైపోయింది. చావుకీ, జాతరకీ, జప్తుకీ ఊరు పిలిచినప్పుడల్లా వచ్చి వాయించిన మనుషుల పనిని తిట్టు చేయడం అది. ఆ అర్థానికి మాటలు లేక కాదు. ఎదుటివాణ్ని పొగిడితే ‘బాకా ఊదుతున్నారు’, తనను తాను పొగుడుకుంటే ‘సొంత డబ్బా’, ఊరికే ఊగిపోతే ‘భజన’. మూడూ సూటిగా తగులుతాయి, మూడూ ఏ కులాన్నీ తాకవు.