క్లేరీ సేజ్ నూనె అడిగితే ఏం పంపారో చూడండి. ఇంట్లో ఫిట్స్ ఉన్న పిల్లాడున్నాడని ముందే చెప్పాను!

ఇంకా చేతులు వణుకుతున్నాయి, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎసెన్షియల్ ఆయిల్స్ కొనేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు పూర్తిగా చదవండి.

షాపు ఏదో మీలో చాలామందికి చెప్పకుండానే తెలుస్తుంది. వారం నుంచి ఆఫర్ల మెసేజీలు పంపుతున్నవాళ్లే.

అమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, గదిలో సువాసన పట్టించే డిఫ్యూజర్‌లో వేద్దామని క్లేరీ సేజ్ 30 ఎం.ఎల్. ఆర్డర్ పెట్టాను. 1,150 రూపాయలు. అక్క కొడుకు మా దగ్గరే ఉంటాడు, ఆరేళ్లు, ఫిట్స్‌కు మందులు వాడుతున్నాడు. కర్పూరం, నీలగిరి తైలం, ఘాటు బామ్‌లు వాడి దగ్గరికి రానివ్వొద్దని డాక్టర్ మొదటి రోజే చెప్పారు. మేం హారతి కూడా వాడు స్కూలుకెళ్లాకే ఇస్తాం. అందుకే ఆర్డర్‌కు ముందు షాపుకు ఫోన్ చేసి మరీ చెప్పాను, పిల్లాడికి ఫిట్స్ వస్తాయండీ, నాకు క్లేరీ సేజే కావాలి అని. "రాసుకున్నాను మేడమ్" అన్నాడు.

నిన్న సాయంత్రం సీసా వచ్చింది. మూత తీయగానే గుప్పున కర్పూరం వాసన. క్లేరీ సేజ్ నేను ఇంతకుముందు వాడాను. మెత్తగా, తియ్యగా, కొంచెం లావెండర్‌ను గుర్తుచేసేలా ఉంటుంది. దీనికీ దానికీ పోలికే లేదు. లేబుల్ మీద 'సేజ్ ఆయిల్, 100% ప్యూర్' అని తప్ప ఇంకేమీ లేదు.

టెస్ట్ రిపోర్ట్ అడిగాను. పది నిమిషాల్లో వాట్సాప్‌లో వచ్చింది. వాళ్లు పంపిన కాగితంలోనే రాసి ఉంది: సాల్వియా అఫిసినాలిస్. ఆల్ఫా తుజోన్ (సేజ్‌లో ఉండే ఘాటు రసాయనం) 27 శాతం, కర్పూరం 19, సినియోల్ (నీలగిరి తైలంలో ఎక్కువగా ఉండేది) 11.

అది డాల్మేషియన్ సేజ్. క్రొయేషియా తీరంలో పెరిగే మొక్క, వంటల్లో వేసే సేజ్ ఆకు దానిదే. ఈ నూనెకు ఐఎస్‌ఓ 9909 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం ఆల్ఫా తుజోన్ ఒక్కటే 18 నుంచి 43 శాతం దాకా ఉండొచ్చు. కాబట్టి నూనె కల్తీదని నేననడం లేదు. నేను అడిగింది ఇది కాదు. క్లేరీ సేజ్ వేరే మొక్క, సాల్వియా స్క్లేరియా. అందులో మామూలుగా సగానికి పైగా లినలైల్ అసిటేట్, ఆ తర్వాత లినలూల్ అనే సువాసన పదార్థాలు ఉంటాయి. మెదడులో నరాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచేది గాబా అనే రసాయనం. తుజోన్ దాని పనికే అడ్డుపడుతుంది, బ్రేకు పడనివ్వదు. సేజ్ ఆయిల్ పొరపాటున లోపలికి వెళ్లి పసిపిల్లలకు ఫిట్స్ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

వెంటనే ఫోన్ చేశాను. అతనన్న మాటలు ఇవి: "సేజ్ అంటే సేజే మేడమ్, రెండూ ఒక్కటే. నిజానికి ఇదే స్ట్రాంగ్, బ్యాక్టీరియా మొత్తం చచ్చిపోతుంది. బాబుకు గొంతు నొప్పి వస్తే రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో వేసి తాగించండి."

తాగించాలట! ఏ బాబుకు ఫిట్స్ ఉన్నాయని చెప్పానో ఆ బాబుకే. మీకు ముందే చెప్పాను కదండీ అంటే, "న్యాచురల్ మేడమ్, ఏమీ కాదు, మీరు గూగుల్ ఎక్కువ చూస్తున్నారు" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నా నంబర్ బ్లాక్ చేసి ఉంది.

'బ్యాక్టీరియా మొత్తం' అన్న మాట కూడా నిజం కాదు. ల్యాబ్‌లో సేజ్ ఆయిల్ పనిచేస్తుంది, కాదనను. తుజోన్, కర్పూరం, సినియోల్ కొవ్వులో కరిగేవి కాబట్టి బ్యాక్టీరియా పొరలోకి దూరి దాన్ని చెడగొడతాయి. స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ రకాల మీద ఎక్కువగా పనిచేస్తాయి. ఈ.కోలై, సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ రకాలకు బయట ఇంకో పొర ఉంటుంది, అది దాటడం తేలిక కాదు. సూడోమోనాస్ అయితే బాగా మొండిది. పైగా మొక్క ఎక్కడ పెరిగింది, ఏ నెలలో కోశారు అన్నదాన్ని బట్టి నూనెలో పాళ్లే మారిపోతాయి. ల్యాబ్‌లో క్రిమిని చంపిందని చెప్పి పిల్లాడి గొంతులో పోస్తారా? నూనె నీళ్లలో కరగదు కూడా, ఆ రెండు చుక్కలూ పైన తేలి నేరుగా గొంతుకే తగులుతాయి.

తప్పు నాది కూడా ఉంది. లిస్టింగ్‌లో బొటానికల్ పేరు లేకపోవడం నేను చూశాను. చూసి కూడా, ఫోన్‌లో చెప్పాను కదా అని ఊరుకున్నాను. నిన్న నాకు జలుబు చేసి ఉంటే ఆ వాసన తెలిసేదే కాదు. అలాగే డిఫ్యూజర్‌లో పోసేదాన్ని, వాడేమో పక్క గదిలో హోంవర్క్ రాసుకుంటున్నాడు. రాత్రంతా ఇదే టెన్షన్, అక్కకు ఇంకా చెప్పలేదు.

కొనేవాళ్లు లేబుల్ మీద స్క్లేరియా అని ఉందో, అఫిసినాలిస్ అని ఉందో చూసుకోండి. రిపోర్ట్‌లోని బ్యాచ్ నంబర్ సీసా మీదదానితో కలవాలి. నాకొచ్చిన సీసా మీద అసలు నంబరే లేదు. పిల్లలు పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, సీసా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

1915కి ఫోన్ చేసి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. సీసా కవర్లో కట్టి అటక మీద పెట్టాను. ఇదే షాపులో ఈ మధ్య క్లేరీ సేజ్ తీసుకున్నవాళ్లుంటే డిఫ్యూజర్‌లో పోసే ముందు ఒక్కసారి వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే కింద రాయండి, ఎంతమందికి ఇలాగే పంపారో తెలియాలి.