పాత కారు, దిగిపోయే బ్యాటరీ, నా డీసీ క్లాంప్ మీటరు: నాలుగేళ్ల వాడకం తర్వాత

మా కారు 2007 మోడల్, పెట్రోలు. వారంలో ఐదు రోజులు విజయవాడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవరు కప్పుకుని పడుకుంటుంది. శనివారం తాళం తిప్పితే ‘టిక్’ మంటుంది, అంతే. సెల్ఫ్ కొట్టదు. తోసి స్టార్ట్ చేద్దామా అంటే సెల్లార్ నుంచి బయటికి ర్యాంపు ఎక్కించాలి. వాచ్‌మన్‌నీ, కింద క్రికెట్ ఆడుకునే పిల్లల్నీ ఎన్నిసార్లు బతిమాలుకున్నానో!

పద్నాలుగు నెలల్లో రెండు బ్యాటరీలు మార్చాను. బ్యాటరీ షాపులో ‘డైనమో చార్జ్ చేయడం లేదు సార్’ అన్నారు. డైనమో పనిచేసే అతను ఇంజిన్ ఆన్‌లో ఉండగా 14.2 వోల్టులు చూపించి ‘డైనమో బ్రహ్మాండంగా ఉంది, బ్యాటరీయే నాసిరకం’ అన్నాడు. ఒకరి మాట ఒకరికి పడదు, మధ్యలో డబ్బులు మాత్రం నావి. మూడో బ్యాటరీకి పెట్టే డబ్బులో సగంతో ఈ క్లాంప్ మీటరు కొన్నాను. వైరు చుట్టూ దవడలు మూస్తే అందులో పోయే కరెంటు ఎంతో చూపిస్తుంది. రెండు వేల చిల్లర పడింది.

కొనేవాళ్లకు ముందే ఒక మాట. చవగ్గా దొరికే క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ కరెంటు మాత్రమే కొలవడం వస్తుంది. ఇంట్లో ఫ్యాన్‌కీ, మోటారుకీ అవి చాలు. కారుది డీసీ. దవడల్లో హాల్ సెన్సర్ (అయస్కాంత ప్రభావాన్ని పసిగట్టేది) ఉన్న రకమైతేనే దానికి పనికొస్తుంది. డబ్బా మీద ‘డీసీ’ అని ఉంటే చాలదు, డీసీ వోల్టులు దాదాపు అన్ని మీటర్లూ చూపిస్తాయి. డీసీ యాంపియర్లు ఉన్నాయా, 0.01 యాంపియర్ దాకా చదువుతుందా చూసుకోవాలి.

దీనికంటే ముందు నా దగ్గర మామూలు మల్టీమీటరు ఉండేది. నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటరు పెట్టి చూడమని ఎవరో చెప్తే అలాగే పెట్టాను. ప్రోబ్‌ని చిన్న కరెంటు సాకెట్లోనే ఉంచి, ఏదో గుర్తొచ్చి కారు తలుపు తీశాను. లోపలి లైటు వెలిగింది, మీటర్లో ఫ్యూజు పోయింది. అలా చూడాలంటే 10 యాంపియర్ల సాకెట్ వాడాలి, మీటరు మధ్యలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. ఇంకో చిక్కేమిటంటే, వైరు విప్పి మళ్లీ కలిపేసరికి అతుక్కుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ఏదైనా ఉంటే అది విడిపోయి, మనం వెతికే కరెంటు కనిపించకుండా పోవచ్చు. దొంగ పారిపోయాక తలుపు వేసినట్టే. క్లాంప్‌తో ఈ గొడవ లేదు. ఏ వైరూ విప్పకుండా, వైరు చుట్టూ దవడ మూస్తే చాలు.

మొదటి రోజు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. మా కారు బ్యాటరీ నెగటివ్‌కి రెండు వైర్లున్నాయి. లావుది గేర్‌బాక్స్ మీదికి, సన్నది బాడీకి. నేను లావు వైరు పట్టుకున్నాను. 0.00. ఎగిరి గంతేశాను. వచ్చే శనివారం మళ్లీ ‘టిక్’. తర్వాత రెండు వైర్లనూ కలిపి దవడలో పెడితే 0.28 యాంపియర్. లైట్లు, స్టీరియో, లాకులు అన్నీ ఎర్త్ అయ్యేది, అంటే వాటి కరెంటు నెగటివ్‌కి తిరిగి చేరేది, బాడీ ద్వారానే కాబట్టి ఆ కరెంటంతా సన్న వైరులోంచి పోతోంది.

0.28 అంటే చిన్నదే కదా అనిపిస్తుంది. రోజుకు 24 గంటలు వేసుకుంటే దాదాపు 6.7 యాంపియర్ అవర్లు. నా బ్యాటరీ మొత్తం 35 యాంపియర్ అవర్లే. మూడు రోజులకే సగానికి పైగా ఖాళీ, ఐదో రోజుకు కారు సెల్ఫ్ ఎత్తలేదు. పైగా అలా దిగిపోయిన స్థితిలో వదిలేస్తే ప్లేట్లకు సల్ఫేట్ పట్టి కొత్త బ్యాటరీ కూడా పాడవుతుంది. రెండు బ్యాటరీలు నాసిరకం అని తిట్టుకున్నాను, పాపం. మామూలుగా అయితే 0.05 లోపు ఉండాలి. అంతమాత్రం గడియారానికీ, స్టీరియో మెమరీకీ పోతుంది.

ఎక్కడ లాగుతోందో పట్టుకోవడం గంట పని. తలుపులన్నీ మూసి, బానెట్ మాత్రం తీసి, లాక్ చేసి అరగంట ఆగాలి. ఈలోగా కారులోని ఎలక్ట్రానిక్స్ నిద్రపోతాయి. ఇక్కడే ఈ మీటరు మీద నా పెద్ద ఫిర్యాదు: పదిహేను నిమిషాలకు దానంతట అదే ఆఫ్ అవుతుంది. ఆన్ చేస్తే మళ్లీ జీరో చేయాలి, అంటే దవడలో వైరు లేకుండా అంకెను సున్నాకు తేవాలి. ఆ ఆటో ఆఫ్‌ను ఆపే పద్ధతి ఒకటుంది, ఒక బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేయడం. అలా చేసి ఒకసారి రాత్రంతా మర్చిపోయాను. తెల్లారేసరికి మీటరులోని 9 వోల్టుల బ్యాటరీ దిగిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాను. స్టీరియో మెమరీ ఫ్యూజు దగ్గర 0.28 కాస్తా 0.03 అయింది. స్టీరియో విప్పి చూస్తే, సీటు కింద బిగించిన యాంప్లిఫయర్‌ని ఆన్ చేసే నీలం వైరును, ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరుకు మెలిపెట్టి టేపు చుట్టేశారు. స్టీరియో ఆపినా యాంప్లిఫయర్ మాత్రం రాత్రింబగళ్లు మేలుకునే ఉంది. డిసెంబరు పొద్దున సీటు కింద చెయ్యి పెట్టి ఉంటే గోరువెచ్చగా తగిలేది, మీటరు కూడా అక్కర్లేదు! బిగించిన షాపు ఎప్పుడో మూసేశారు. వైరును సరైన చోట కలపడానికి పది నిమిషాలు పట్టింది.

రెండేళ్లకు మళ్లీ అదే కథ. ఈసారి 0.4. ఫ్యూజులన్నీ పీకినా అంకె కదల్లేదు. చెమటలు పట్టాయి. అప్పుడు ఆ పాత పొరపాటే పనికొచ్చింది: వైర్లు విడివిడిగా పట్టి చూస్తే కరెంటు దాదాపు అంతా లావు వైరులో ఉంది. అంటే బాడీలోని సరుకు కాదు, ఇంజిన్‌కు ఎర్త్ అయ్యేదేదో. డైనమో లావు పాజిటివ్ వైరుకు దవడ వేస్తే అక్కడా 0.4. లోపల కరెంటును ఒకవైపే పోనివ్వాల్సిన డయోడ్ లీకై, ఇంజిన్ ఆగాక కరెంటు వెనక్కి పోతోంది. ఇంజిన్ ఆన్ చేసి బ్యాటరీ మీద ఏసీ వోల్టులు కొలిస్తే అర వోల్టు దాటింది, అది డయోడ్ చెడిందనడానికి గుర్తు. ఆటోనగర్ తీసుకెళ్లి ‘అన్నా, డయోడ్ ప్లేట్ పోయింది’ అంటే అక్కడి మెకానిక్ నన్ను ఎగాదిగా చూశాడు. విప్పాక మాట్లాడకుండా మార్చేశాడు.

మూడోసారి బ్యాటరీ దిగిపోయినప్పుడు కరెంటేమీ లాగడం లేదు, 0.03. నెగటివ్ వైరు తీసేసి రాత్రంతా ఉంచాను. సాయంత్రం 12.6 వోల్టులు ఉన్నది పొద్దున 12.1. ఏ వైరూ తగలకుండానే పడిపోతే తప్పు బ్యాటరీదే. మూతలున్న రకం కాబట్టి హైడ్రోమీటరుతో (యాసిడ్ సాంద్రత కొలిచేది) చూస్తే ఒక సెల్ చచ్చిపోయింది. దానికి నాలుగేళ్లు నిండాయి, అడగడానికేమీ లేదు.

ఇక మీటరు సంగతి. 0.02 కంటే తక్కువ అంకెల్ని నేను నమ్మను. దవడను అటూ ఇటూ తిప్పితే చాలు, భూమి అయస్కాంతానికి అంకె మారుతుంది కాబట్టి ఏ దిక్కున పెట్టి కొలుస్తామో ఆ దిక్కునే జీరో చేయాలి. వేడెక్కితే జీరో జరుగుతుంది. మే నెలలో సెల్లార్లో ప్రతి ఐదు నిమిషాలకూ జీరో చేసుకున్నాను. దాంతో పాటు వచ్చిన ప్రోబ్ వైర్లు ఏడాదికే మొదలు దగ్గర తెగాయి, వేరేవి కొన్నాను. స్క్రీన్‌కు లైటు ఉంది గానీ పది సెకన్లకే ఆరిపోతుంది, ఫోన్ టార్చే దిక్కు. ఒకసారి కింద పడి దవడ అంచు విరిగితే టేపు వేశాను, కొలతలో తేడా రాలేదు. మళ్లీ కొనాల్సొస్తే ఇదే కొంటాను, ప్రోబ్‌లు మాత్రం మొదటి రోజే మార్చేస్తాను.

మొన్న పక్క ఫ్లాట్ వెంకట్రావుగారు వాళ్ల పాత కారుకని మీటరు పట్టుకెళ్లారు. అరగంట ఆగి చూడమని మరీ మరీ చెప్పాను. పది నిమిషాలకే పరుగెత్తుకొచ్చారు. ‘ఏవండీ, దాదాపు అర యాంపియర్ లాగేస్తోంది, డైనమోనే అంటారా?’ కిందికి వెళ్లి చూస్తే డిక్కీ తీసే ఉంది, లోపల బల్బు వెలుగుతోంది.