యూసీడీపీ రివ్యూ: యుద్ధాల్లో పోయిన ప్రాణాల లెక్కకి ముందు ఇక్కడికే వెళ్ళండి, కానీ సున్నా కనిపించిన చోట ఆగండి

సూడాన్‌లో ఏం జరుగుతోంది, మాలీలో ఎంతమంది పోయారు అని ఎవరైనా అడిగితే నేను మొదట పంపే లింక్ ఇదే. స్వీడన్‌లో ఉప్సల యూనివర్సిటీ వాళ్ళు నడిపే ఉప్సల కాన్‌ఫ్లిక్ట్ డేటా ప్రోగ్రామ్, అందరూ యూసీడీపీ అంటారు. డబ్బులు కట్టక్కర్లేదు, మ్యాప్ మీద దేశాన్ని నొక్కితే ఏ ఏడాది ఎవరెవరి మధ్య ఎంత హింస జరిగిందో గ్రాఫ్ వచ్చేస్తుంది, ఇంకా లోతుగా కావాలంటే 1989 నుంచి ఒక్కో ఘటననీ తేదీ, చోటు, మృతుల సంఖ్యతో సహా ఫైల్‌గా దింపుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది హింసని మూడు రకాలుగా విడగొట్టడం. ప్రభుత్వం ఒక పక్షంగా ఉన్న పోరు ఒకటి, ప్రభుత్వంతో సంబంధం లేకుండా గ్రూపులు గ్రూపులు కొట్టుకునేది రెండోది, ఆయుధం లేని జనాన్ని ఏకపక్షంగా చంపేది మూడోది. మెక్సికోలో కార్టెల్స్ (డ్రగ్స్ ముఠాలు) మధ్య హత్యలు రెండో దాంట్లోకి, 1994 రువాండా మారణహోమం మూడో దాంట్లోకి వస్తాయి. అన్నీ కలిపేసి ఒకే అంకె చెప్తే ఎవరు ఎవర్ని చంపారన్నది మాయమైపోతుంది, పాలన గురించి మాట్లాడాలంటే అసలు కావాల్సింది అదే కదా. ఏడాదిలో 25 మంది చనిపోతే లెక్కలోకి తీసుకుంటారు, పోరులో 1000 మంది పోతే యుద్ధం అంటారు. ఈ గీతలు ఏళ్ళ తరబడి మార్చలేదు కాబట్టే పాత దానికీ కొత్త దానికీ పోలిక కుదురుతుంది.

ప్రతి ఘటనకీ మృతుల సంఖ్య మూడు రకాలుగా ఇస్తారు: తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ, వాళ్ళు నమ్మేది. ఇది ఎంత అవసరమో పశ్చిమ ఆఫ్రికా దేశం బర్కినా ఫాసోలోని బర్సలోగో అనే ఊరు చూస్తే తెలుస్తుంది. 2024 ఆగస్టులో సైన్యం జనం చేత ఊరి చుట్టూ కందకాలు తవ్విస్తుంటే జిహాదీలు వచ్చి కాల్చేశారు, హ్యూమన్ రైట్స్ వాచ్ కనీసం 133 మంది అంది, బాధిత కుటుంబాల వాళ్ళు 400 దాకా అన్నారు. ఇలాంటి చోట ఒకే అంకె గట్టిగా చెప్పేవాళ్ళని నేను నమ్మను.

మ్యాప్ గీసేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. చోటు ఎంత కచ్చితంగా తెలుసో చెప్పే కాలమ్ ఒకటి ఉంటుంది, 1 అంటే సరిగ్గా ఆ చోటే, 4 అంటే ఏ రాష్ట్రమో మాత్రమే తెలుసు, 6 అంటే దేశం తప్ప ఇంకేం తెలీదు. ఊరు తెలియనివి కూడా మ్యాప్ మీద ఏదో ఒక పాయింట్ దగ్గర పడతాయి, ఫిల్టర్ చేయకుండా గీస్తే ఏమీ జరగని చోట రక్తపాతం జరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని చూసి సహాయం ఎక్కడికి పంపాలో నిర్ణయించే వాళ్ళు కూడా ఉంటారు. దయచేసి కోడ్‌బుక్ (ఏ కాలమ్‌కి ఏ అర్థమో చెప్పే పత్రం) చదవండి.

ఇక సున్నా సంగతి. వార్తలో, మానవ హక్కుల రిపోర్టులో, ఇంకేదో ఆధారంలో దొరికినదాన్నే వాళ్ళు రాస్తారు, ఊహించి నింపరు. ఆ నిజాయితీ వల్లే నమ్మకం, అదే పరిమితి కూడా. ఇథియోపియా ఉత్తరాన ఉన్న టిగ్రేలో 2020 నవంబర్‌లో యుద్ధం మొదలయ్యాక ఫోన్లు, ఇంటర్నెట్ కట్ చేశారు, బయటికి వార్తలు చాలా తక్కువగా వచ్చాయి, చివరికి 2022 ఒక్క ఏడాదికే ఇథియోపియాలో మృతుల లెక్క లక్ష దాటింది. అంటే అక్కడ నిశ్శబ్దంగా ఉందని ప్రపంచం అనుకున్న రోజుల్లోనే అంతమంది పోయారు. ఆకలి, జబ్బు వల్ల పోయినవాళ్ళు ఈ లెక్కలో ఉండరు. కాంగోలో 1998 నుంచి 2007 మధ్య యుద్ధం వల్ల 54 లక్షల మంది అదనంగా చనిపోయారని ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ సర్వేలు అంచనా వేశాయి, దాని మీద పెద్ద వివాదమే ఉంది, కానీ అందులో చాలావరకు తూటా తగిలి పోయినవాళ్ళు కాదు.

ఇంకో రకం సున్నా ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టేది అది. మధ్య మాలీలో కొన్ని ఊళ్ళు బతకడం కోసం జిహాదీ గ్రూపుతో ఒప్పందం చేసుకున్నాయి, ముట్టడి ఎత్తేస్తారు, బదులుగా వాళ్ళ రూల్స్ ప్రకారం బతకాలి. కాల్పులు ఆగితే డేటాలో ఆ ఊరు ప్రశాంతంగా కనిపిస్తుంది, నిజానికి అక్కడ పాలించేవాడు మారిపోయాడు అంతే. కొలంబియాలో 2016లో ఫార్క్ అనే తిరుగుబాటు గ్రూపుతో ప్రభుత్వానికి శాంతి ఒప్పందం అయ్యాక ఆ గ్రూపు ఖాళీ చేసిన చోట్లకి ప్రభుత్వం కంటే ముందు వేరే సాయుధ ముఠాలు వెళ్ళిపోయాయి, భూమి గురించీ కొకైన్‌కి వాడే కోకా బదులు వేరే పంట వేయడం గురించీ మాట్లాడిన ఊరి నాయకుల్ని ఒక్కొక్కర్నే చంపారు. చంపింది ఎవరో తేలకపోతే అలాంటి హత్య ఈ లెక్కలోకి రావడమే కష్టం. అందుకే దేశం మొత్తం అంకె తగ్గింది కాబట్టి శాంతి వచ్చేసిందని రాసేముందు ఆ జిల్లాలో కోర్టు నడుస్తోందా, పన్ను ఎవరు వసూలు చేస్తున్నారు, టీచర్ బడికి వస్తున్నాడా అని వేరే చోట వెతుక్కోవాలి, యూసీడీపీ అది చెప్పదు, చెప్తానని అననూ లేదు.

అక్లెడ్ అనే ఇలాంటి ఇంకో డేటాబేస్‌తో పోల్చి చూస్తే, అది వారం వారం అప్‌డేట్ అవుతుంది, నిరసనలు, అల్లర్లు కూడా ఉంటాయి, ఒక్కరు కూడా చనిపోని ఘటనలూ దొరుకుతాయి, కానీ రిజిస్టర్ అవ్వాలి. ఇప్పుడు ఏం జరుగుతోందో తెలియాలంటే అది, ముప్పై ఏళ్ళ పోలిక కావాలంటే ఇది.

నా రేటింగ్ 5కి 4. స్టూడెంట్స్, రిపోర్టర్లు, ఎన్జీవోల్లో పనిచేసేవాళ్ళు కచ్చితంగా వాడండి. నెలనెలా వచ్చే క్యాండిడేట్ డేటా మాత్రం ప్రాథమిక లెక్క అని గుర్తుపెట్టుకోండి, ఏడాదికోసారి సరిచూసి విడుదల చేసే దానితో కలిపి ఒకే గీతగా గీయకండి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత ఏళ్ళ అంకెలు కూడా మారతాయి కాబట్టి మీరు వాడిన వెర్షన్ నంబర్ మీ రిపోర్టులో రాయండి.